పరుపు మీద పరాయి చెయ్యి

నోరు వంకర పోయిన మనిషిని చూస్తే ఎవరైనా భయపడతారు. నాకు పోయినప్పుడు మాత్రం జనం చప్పట్లు కొట్టారు.

అది 1999 ఎండాకాలం. ధర్మవరంలో పట్టుచీరలు నేసే నారాయణప్ప ఇంట్లో పెళ్లి. పరుపులు, దిండ్లు కుట్టింది నేను. మాది పెనుకొండ. మేం దూదేకులవాళ్లం. తాతల కాలం నుంచి దూది ఏకడం, పరుపులు కుట్టడం మా పని. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, మసీదులో అరబ్బీ చదువుతాం. కతలు కట్టడం మాత్రం ఏ బడికీ పోకుండానే నాకు అబ్బింది. పరుపుల దస్తగిరి వచ్చాడంటే చాలు, బండి మీది పరుపు కంటే ముందు నోట్లోని కత దించమంటారు.

ఆ రోజూ అంతే. మగ్గాల మధ్య చాప వేసి కూర్చోబెట్టి చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చారు. నేను మొదలుపెట్టాను.

“కదిరి పక్క ఒక పెండ్లికొడుకు నా పరుపు మీద పండుకోని కనబడకుండా పాయె. ఊరంతా ఎతికిరి. కడకు నా నడుముకు తాడు కట్టి పరుపులోకి దించిరి. లోపల చూస్తే ఏముండాది? వాడు దూదిలో మడక కట్టి సేద్యం చేస్తాండాడు!”

“మరి పెండ్లికూతురు యాడుండాది?” అని ఎవరో అందించారు.

“ఆయమ్మ గట్టున కూర్చోని వానికి సద్ది...”

సద్ది దగ్గర నాలుక మడతపడింది. మాట ముద్దయింది. గ్లాసు జారింది. నోరు ఒక పక్కకు లాక్కుపోయింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. “యాక్షన్ చూడండప్పా! సినిమావాళ్లు ఏం పనికొస్తారు ఈయప్ప ముందర!” అని నారాయణప్ప చప్పట్లు కొట్టాడు. కాదప్పా అని చెప్పబోయాను. నా నోట్లోంచి వచ్చిన శబ్దానికి ఇంకా గట్టిగా నవ్వారు.

గోడకు ఆనుకుని దారం కండెలు చుడుతున్న నారాయణప్ప తల్లి ఒక్కతే నవ్వలేదు. “ఒరే, నగేది సాలించండి. ఆయప్ప గడ్డం మీద మజ్జిగ కారతాండాది. తుడుసుకోడంల్యా. అది యాక్షన్ కాదు,” అంది. ఆ అవ్వ కళ్లు అంత చురుకు కాకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలేవాడిని కాదు.

చదివేవాళ్లకు ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత కతల్లో పడి మరిచిపోతానేమో. నవ్వించే మనిషికి కూడా పక్షవాతం వస్తుంది. మూతి వంకర పోయినా, మాట ముద్దయినా, చేతిలో వస్తువు తనకు తెలియకుండా జారినా, అది ఆటా నిజమా అని చర్చించుకుంటూ కూర్చోవద్దు. ఆట అయితే తర్వాత తన్నవచ్చు. ముందు బండి ఎక్కించండి.

నన్ను ధర్మవరంలో ఒక డాక్టరుకు చూపించి, ఆయన సలహా మీద జీపులో హిందూపురం తీసుకుపోయారు. అక్కడ నా బావమరిది హుస్సేనప్పకు సైకిల్ షాపు ఉంది, క్యారియర్ తేవడానికి మనిషి ఉంటాడు అని. దారిలో పెనుకొండలో జీపు ఆపితే నా భార్య మాబున్ని ఎక్కింది. నా ముఖం చూసి ఏడవలేదు. కొంగుతో మూతి తుడిచి, “నీ నోరు ఊరుకునే దినం కూడా వచ్చెనే,” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎట్లా ఉందో రాయడం నాకు చేతకాదు.

ఆసుపత్రి బయటి బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా డాక్టర్లే. పక్షవాతానికి నాటు మందు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఊళ్లో కట్టు కడతారో మాబున్నికి వరసగా చెప్పారు. పావురం నెత్తురు పూస్తే చచ్చిన కాలు లేచి పరిగెత్తుతుందని ఒకాయన హుస్సేనప్పకు నూరిపోశాడు. మరునాడు వాడు క్యారియర్‌తో పాటు పావురాన్ని కూడా సంచిలో తెచ్చాడు. నర్సమ్మ కేకకు సంచి వదిలేశాడు. పావురం ఫ్యాన్ రెక్క మీద కూర్చుంది. వేడికి ఉడికిపోతున్నా, దాని పుణ్యమా అని ఆ పూటంతా మాకు ఫ్యాన్ లేదు. నేను చెప్పేవాటిలో నిజాలు ఏరుకోవడం కష్టమని మా ఊరివాళ్లు అంటారు. ఇది మాత్రం నిజం.

మాట రెండు మూడు రోజుల్లో తిరిగి వచ్చింది. నోరు రాగానే కతలు కూడా వచ్చాయి. అదే నా కొంప ముంచింది.

ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి నా పక్కలో ఎవరిదో చెయ్యి ఉంది. చల్లగా, తడిసిన దిండు లాగా బరువుగా ఉంది. పక్క మంచంలో తుంటి విరిగిన నల్లచెరువు పెద్దాయన ఉన్నాడు. ఆయనదే అయ్యుంటుందని అనుకున్నాను. “మాబున్నీ, పెద్దాయన చెయ్యి ఈడ పెట్టేసినాడు, తీసి ఆ పక్క పెట్టు,” అన్నాను. వార్డంతా గొల్లుమంది. “నా రెండు చేతులూ నా కాడనే ఉండాయప్పా, కావాలంటే సోదా చేసుకో!” అన్నాడు పెద్దాయన.

నేను నవ్వించడానికి అనలేదు. అది పడిపోయిన నా ఎడమ చెయ్యే. నీ ఎడమ చెయ్యి ఉందా అని అడిగితే ఉంది అనే చెప్పేవాడిని. ఎక్కడుందో చూసుకోవాలన్న ఆలోచనే వచ్చేది కాదు. ఈ జబ్బులోని మాయ అది. వస్తువు పోతుంది, పోయిందన్న తెలివిని కూడా వెంట తీసుకుపోతుంది. కాని నేను పరుపుల దస్తగిరిని కదా. నా నోట్లోంచి ఏది వచ్చినా అది కతే.

వ్యాయామం చేయించడానికి నళిని అనే అమ్మాయి వచ్చేది. ఫిజియోథెరపిస్టు. మడకశిర పిల్ల, చదువు బెంగళూరులో. మొదటి రోజుల్లో ఆమె చేతులు మెత్తగా, నిదానంగా ఉండేవి. కాలు పట్టుకుంటే, కొత్త దూదిలో చెయ్యి పెట్టి గింజ ఉందేమో వెతికేవాళ్లలా పట్టుకునేది.

“దస్తగిరన్నా, ఎడమ చెయ్యి ఎత్తు.”

“ఎత్తితి కదమ్మా.”

“యాడ ఎత్తినావు?”

“నువ్వు యాడనో చూస్తాండావు. ఇంగేం ఎత్తల్ల, పైకప్పు తగులుతాది!”

నిజంగా ఎత్తాననే నా నమ్మకం. ఆమె ఆ చేతిని పట్టి నా ముఖం ముందుకు తెచ్చి, “అయితే ఇది ఎవురిది?” అని అడిగింది.

“నల్లచెరువు పెద్దాయనది. నిద్రలో ఈడ పెట్టేస్తాడు. రోజూ తీసి ఇస్తానే ఉండా.”

మొదటిసారి ఆమె కూడా నవ్వింది. తర్వాత తర్వాత నవ్వు తగ్గింది, మర్యాద పెరిగింది. ఆ పిల్లకు కోపం వస్తే నువ్వు పోయి మీరు వస్తుంది. “దస్తగిరిగారూ, మీరు కొంచెం సహకరించండి,” అనేది. చేతులు కూడా మారాయి. అద్దె సామాను సర్దేవాళ్లలా గబగబా వంచి, గబగబా చాచి పోయేది. మనిషి నోటితో దాచిన కోపం వేళ్లలో దొరికిపోతుంది. నా బాగున్న కాలికి ఆ సంగతి బాగా తెలిసేది. ఎందుకు కోపమో మాత్రం తెలిసేది కాదు. మాబున్ని కూడా, “ఊర్లో చెప్పిన కతలు సాల్లేదా, ఈడ గూడా ఆ పిల్లను ఉసురు పెడతాండావు,” అని తిట్టేది. ఏమీ చేయకుండా అందరికీ చెడ్డవాడినయ్యాను.

ఒక రోజు పెద్ద డాక్టరు వెంట జూనియర్లందరూ వచ్చారు. నళిని నా గురించి ఇంగ్లీషులో ఏదో చెప్పి, చెయ్యి పట్టి అడిగింది. నేను నా పాత జవాబే చెప్పాను. పెద్ద డాక్టరు ఫక్కున నవ్వాడు, వెనకనున్నవాళ్లూ నవ్వారు. నళిని ముఖం ఎర్రగా కందింది. నా చేతిని పక్క మీద పెట్టింది. విసిరేయలేదు గానీ పెట్టిన తీరు విసిరినట్టే ఉంది. ఆ తర్వాత ఆమె రాలేదు. ఆమె బదులు ఒక బలిష్ఠుడు వచ్చి, నన్ను గోనెసంచిలా తిప్పి పోయాడు.

ఆ పిల్ల ఏమైందో నాకు మాబున్ని తర్వాత చెప్పింది. క్యారియర్ కడగడానికి వెనక కుళాయి దగ్గరికి పోతే, అక్కడ నళిని ముఖం కడుక్కుంటోందట. కళ్లు వాచి ఉన్నాయట.

“ఏమమ్మయ్యా, మా ఆయప్ప గురించేనా?”

“నేనేం చేస్తినక్కా ఆయనకు? అందరి ముందర నన్ను బొమ్మను చేసి ఆడిస్తాండాడు. నావల్ల కాదని చెప్పేసినాను.”

మాబున్ని క్యారియర్ కింద పెట్టిందట. “ఒక మాట చెప్తా విను. ఇన్నేండ్ల నుంచి నేను ఆయప్పతో కాదు, ఆయప్ప అబద్ధాలతో కాపురం చేస్తాండా. అబద్ధం చెప్పేటప్పుడు ఆయప్ప ఒళ్లు ఊరుకోదు. భుజం ఎగరేస్తాడు. ఎవురెవురు వింటాండారో మెడ తిప్పి చూసుకుంటాడు. కాలి బొటనవేలు ఆడిస్తానే ఉంటాడు. చెయ్యి నాది కాదనేటప్పుడు అవేమీ ల్యా. రాయి మాదిరి ఉంటాడు. నేనూ కతే అనుకోని తిడితి. రాత్రి నుంచి నాకు ఎందుకో భయమైతాండాది.”

మరునాడు నళిని వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ నిలబడే ఉండేది. ఆ రోజు మంచం అంచున కూర్చుంది. “అన్నా, ఒక కత చెప్పు,” అంది. నేను అడిగించుకునే మనిషినా? గాలికి ఎగిరిపోయిన నా బూరుగుదూది దిండు కనగానపల్లిలో దిగి, అక్కడ ఒక ముసలాయన తల కిందికి తానే దూరిన కత చెప్పాను. ఆమె కత వినడం లేదు. నా భుజాన్ని, కాళ్లను చూస్తోంది. కత అయ్యాక చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు చెప్పు, ఇది ఎవురిది?” అంది.

“పెద్దాయనది. ఇంత చెప్పినా తీసుకోడు. నాకు బరువుగా ఉండాదమ్మా, ఇచ్చేయండి.”

ఆమె నా చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మాబున్ని వైపు చూసి, “అక్కా, ఈయన ఆట్లాడడంల్యా. ఇది కూడా జబ్బే. పుస్తకంలో చదివినాను నేను. చదివి కూడా, ఈయన నగిస్తాడు కాబట్టి నగిస్తాండాడు అనుకుంటి,” అంది. నాతో చెప్పిన మాటలు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. “నీ మీద నాకు శానా కోపమొచ్చిందన్నా. అందర్నీ చూసి నిన్ను కడకు పెట్టుకుంటాంటి. పేషెంటు మీద కోపం రాకూడదని మాకు నేర్పినారు. వస్తే ఏం చేయల్లో నేర్పలేదు.”

“నాలుగు తిట్టల్ల,” అంది మాబున్ని.

“తిట్టినానక్కా. లోపల్లోపల.”

“లోపల తిడితే చేతుల్లోకి దిగుతాదమ్మా. మొన్న నా మోకాలు వంచితివే, అప్పుడే అనుకుంటి ఎవుర్నో బాగా తిడతాండావని,” అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

తెల్లకోటు వేసుకున్నవాళ్లకు రోషం ఉండదనుకుంటాం. రోజంతా మన బరువు మోసి, మన చెమట తుడిచి, మనం మొండికేస్తే పళ్లు బిగించి నవ్వే మనిషికి లోపల ఏమవుతుందో మనకు పట్టదు. నా వంటి రోగి ఒక్కడు చాలు, ఆ పిల్ల తనకు పని రాదేమో అని అనుమానపడటానికి.

ఆ రోజు నుంచి వైద్యం మారింది. నా కుడి చేతిని నా గుండె మీద పెట్టించి, అక్కడి నుంచి ఎడమ భుజం మీదికి, భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి కిందికి నిదానంగా నడిపించేది. “దారి తప్పకుండా రా అన్నా. యాడన్నా తెగిందేమో చూసుకుంటా రా.” రోజూ అదే ప్రయాణం. చాలా రోజులు మోచేతి కాడ నాకు విసుగు పుట్టి ఆగిపోయేవాడిని. ఒక రోజు వేళ్ల చివరిదాకా వచ్చాను.

“యాడ తెగింది?” అని అడిగింది.

“యాడా తెగలేదు,” అన్నాను. అని బావురుమన్నాను. చెయ్యి నాదని తెలిసిన రోజే నా చెయ్యి పడిపోయిందని తెలిసింది. అప్పటిదాకా నేను హాయిగా ఉన్నాను.

వానలు మొదలయ్యేసరికి పెనుకొండ వచ్చేశాం. ఊతకర్రతో నడక వచ్చింది. చెయ్యి కొంచెం ముడుచుకునేది, కొంచెం తెరుచుకునేది. కాని స్పర్శ లేదు. చూస్తేనే అది ఉంటుంది, కళ్లు మూస్తే మాయమవుతుంది. మా పనికి చెయ్యి కదిలితే చాలదు. పరుపు కుట్టేటప్పుడు పైనుంచి కుడి చెయ్యి దబ్బనం దించుతుంది. అడుగున ఎడమ చెయ్యి ఆ మొనను చీకట్లో తడిమి పట్టుకుని తిరిగి పైకి పంపాలి. అడుగు ఎవరికీ కనబడదు. దూది ఏకే పని మిషన్లు ఎత్తుకుపోయాక మాకు మిగిలింది ఆ కుట్టు ఒక్కటే. స్పర్శ రాకపోతే పరుపుల దస్తగిరి లేడు, ఉత్త దస్తగిరి ఉంటాడు.

నాకు అసలు మొండితనం వచ్చింది అప్పుడే. కత చెప్పమని వచ్చినవాళ్లకు వీపు చూపించేవాడిని. మాబున్ని ఒంటరిగా దిండ్లు కుడుతుంటే, కుట్టు వంకర పోయిందని కసిరేవాడిని. ఆమె ఒక పూట ఓర్చుకునేది, ఒక పూట దిండు నా మీదికి విసిరేది. మెత్తని వస్తువులు చేసే ఇల్లు కాబట్టి దెబ్బలు తగిలేవి కావు.

వారం వారం బస్సులో హిందూపురం పోయేవాళ్లం. ఒకసారి నళినిని సూటిగా అడిగాను, “స్పర్శ వస్తాదా, రాదా?”

“రావచ్చన్నా. రాకపోవచ్చు. నీకు అబద్ధం చెప్పను.”

“నీకేం, వచ్చినా రాకపోయినా నెల తిరిగితే జీతం వస్తాది.”

గదిలో ఉన్నవాళ్లంతా తలెత్తారు. మాబున్ని నా తొడ మీద గిల్లింది, అదృష్టవశాత్తు స్పర్శ ఉన్న కుడి తొడ. నళిని మీరు అంటుందని ఎదురుచూశాను. అనలేదు. “నోరు అదుపులో పెట్టుకో అన్నా. నాకు కోపమొచ్చింది. బయటికి పోయి నీళ్లు తాగొస్తా. వచ్చినాక వేళ్లు వంచుదాము,” అంది. నిజంగానే పోయి తాగి వచ్చింది. వచ్చి వేళ్లు వంచింది. ఆమె చేతులు మొదటి రోజుల్లో లాగా ఉన్నాయి. కోపం వాకిట్లోనే దింపి లోపలికి వచ్చిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ఇంటికి పోయాక వీపు చూపించడం మానేశాను. కతలు మాత్రం ఇంకా రాలేదు.

2000 సంవత్సరం, ఉగాది దాటింది. మాబున్ని ఒక పరుపు అంచు కుడుతోంది. గుడ్డ కదలకుండా నా ఎడమ చేతిని ఆసరాగా దాని కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో చీమ కుట్టింది. విదిలిద్దామని కాలు చూసుకున్నాను, మెడ తడుముకున్నాను, చీమ లేదు. మళ్లీ కుట్టింది. పరుపు కింద నుంచి చెయ్యి లాగి చూస్తే వేలి మీద నెత్తురు బొట్టు.

“మాబున్నీ! పొడిస్తివే! నాకు తెలిసెనే!”

ఆమె తల ఎత్తలేదు. “నెత్తురు చూసి చెప్తాండావు. ఇంగ కతలు మొదలాయె,” అంది. హుస్సేనప్పకు ఫోన్ చేయిస్తే, “సంతోషం బావా,” అన్నాడు, జాతరలో చిలక జోస్యం విన్నవాడిలా. వాళ్ల తప్పు కాదు. ఆశ పెట్టుకుని పెట్టుకుని అందరూ అలసిపోయి ఉన్నారు.

ఇంతకీ ఈ సోది అంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా వీధిలోనే చిన్నపిల్లల తండ్రి ఒకడికి ఇదే జబ్బు వచ్చింది. వాళ్లింటివాళ్లు వచ్చి, వ్యాయామం చేయించే మనిషి విసుక్కుంటున్నాడు, ఏం చేయాలి అని నన్ను అడిగారు. నాకు ఈ జబ్బు వచ్చి ఆరేడేళ్లు దాటాయి. ఈ రోజు నేను దిండ్లు పూర్తిగా, పరుపులు మాబున్ని సాయంతో కుడతాను. చలికాలం వేళ్లు మొద్దుబారతాయి. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. విసుక్కుంటే మనిషిని మార్చమని పరిగెత్తకండి. ముందు ఒకసారి కూర్చోబెట్టి, మీకు కష్టంగా ఉందా అని అడగండి. రోగిని ఆ మాట వందమంది అడుగుతారు. వాళ్లను అడిగేవాళ్లు ఉండరు. అడిగాక కూడా గోనెసంచిలాగే తిప్పితే, అప్పుడు మార్చండి.

నెత్తురు బొట్టు చూసిన మరునాడు నేను ఎవరికీ చెప్పకుండా ఒక్కడినే బస్సెక్కాను. జబ్బు తర్వాత తోడు లేకుండా వెళ్లడం అదే మొదలు. హిందూపురంలో దిగి, ఆసుపత్రి బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను. మోకాలు కట్టు ఉన్న ఒకావిడ, మెడపట్టీ ఉన్న ఒక కండక్టరు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. నళిని బయటికి వచ్చి చూసి ఆగిపోయింది.

“ఏమన్నా, నీ వారం ఇది కాదే. అక్క యాడ?”

“చెయ్యి వచ్చిందమ్మా.”

ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చి, మళ్లీ దానంతటదే అణిగిపోయింది. నమ్మాలని ఉంది, నమ్మడానికి భయం. “చూసి తెలిసిందా, చూడకముందే తెలిసిందా?”

“చూడకముందే.”

“రా. సుమ్నే కూర్చో. మాట్లాడొద్దు, నేను అడిగినప్పుడే చెప్పు.” సుమ్నే అంటే ఊరికే అని. హిందూపురంవాళ్ల నోట్లో సగం కన్నడమే కదా. తువ్వాలు మడిచి నా కళ్లకు కట్టింది. నా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది, అలా పెట్టిందని నేను అనుకోవాలి. తలుపు దగ్గర బెంచీవాళ్లు మాటలు ఆపేసిన సంగతి చెవులకు తెలుస్తోంది.

“ఇప్పుడు?”

దూరంగా, దిండు అవతలి నుంచి ఎవరో వేలితో తట్టినట్టు ఉంది. “చూపుడు వేలు.”

“ఇప్పుడు?”

“బొటనవేలు. దాని కింద మెత్త.”

“ఇప్పుడు?”

“అరచెయ్యి నడుమ.”

కండక్టరు శభాష్ అన్నాడు. నళిని మాత్రం ఆగకుండా, “ఇప్పుడు?” అంది.

ఏమీ లేదు. వెతికాను. భుజం నుంచి బయలుదేరి మోచెయ్యి దాటి కిందికి వచ్చాను. వెలుతురే లేదు. చిటికెన వేలో, దాని పక్కదో అయ్యుండాలి. ఏదో ఒకటి అనేస్తే సగం పాళ్లు తగిలేదే. జనం ఎదురుచూస్తున్నారు. అట్లాంటి చోట తెలియదు అని నేను పుట్టి బుద్ధెరిగి అనలేదు. చిటికెన వేలు అన్న మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది కూడా. దాన్ని మింగడం ఎంత కష్టమో, మళ్లీ నడక నేర్చుకోవడం కూడా అంత కష్టం కాలేదు.

“తెలీడంల్యా అమ్మా. ముట్టుకుంటివా?”

“ముట్టుకుంటినన్నా. ఇంగా ముట్టుకుంటానే ఉండా.”

నేను ఓడిపోయాననుకున్నాను.

“ముందువన్నీ సరిగ్గా చెప్పినావు గానీ నేను నమ్మలేదు,” అంది నళిని. “ఇప్పుడు నమ్ముతాండా.”

తువ్వాలు విప్పింది. ఆమె వేళ్ల మధ్య నా చిటికెన వేలు ఉంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా దాన్ని వదలకుండా, భుజానికే ముఖం రాసుకుని, “పని ఈడ మిగిలుండాది. పట్టు,” అని దాన్ని వంచడం మొదలుపెట్టింది.